అత్తగారి మోకాలి సాక్ష్యం

ఆ ఉదయం డాక్టరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారినీ మామగారినీ వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళడం, ఇద్దరి మోకాళ్ళకూ స్కాన్ తీయించడం, మధ్యాహ్నానికల్లా గెలిచి ఇంటికి రావడం. మోకాలి లోపలి బొమ్మ చూసి ఆ మనిషికి నొప్పి ఎంత ఉందో చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాం కోసం ఆమె ఏళ్ళ తరబడి తల బద్దలుకొట్టుకుంది. ఇవాళ ఆసుపత్రి కమిటీ చూసి ఔనంటే పని సాగుతుంది. కాదంటే ఆమె గదిని పళ్ళ విభాగానికి ఇచ్చేస్తారు. పళ్ళ డాక్టరు అప్పుడే వచ్చి గోడలు కొలుచుకుపోయాడు కూడా.

సాక్ష్యానికి అత్తగారి మోకాలిని మించింది లేదు. ఎప్పుడో జారిపడ్డ నాటి నుంచి ఆవిడ కుర్చీ దిగరు. కాఫీ, పేపరు, కళ్ళజోడు అన్నీ కుర్చీ దగ్గరికే నడిచివస్తాయి. నడిపించేది మామగారు. తనవి ఇనప మోకాళ్ళని ఆయనే చెప్పుకుంటారు కనక, నొప్పి లేని మనిషికి నమూనాగా ఆయన కుదిరారు.

కమిటీ పెద్దాయన వస్తూనే, బొమ్మ చూసి నొప్పి చెప్పడం చిలక జోస్యమని తేల్చేశాడు. డాక్టరమ్మ నవ్వి, అప్పటికే తీయించిన ఇద్దరి బొమ్మలూ పెట్టి మీట నొక్కింది. అత్తగారికి నొప్పి బొత్తిగా లేదనీ, మామగారికి విపరీతంగా ఉందనీ తెర మీద పడింది.

ఆమెకు ముచ్చెమటలు పోశాయి. బొమ్మలు తారుమారయ్యాయని అందరి ముందూ క్షమాపణ చెప్పుకుంది. దాంతో స్కాన్ తీసే ఆపరేటరుకు తల కొట్టేసినట్లయింది. ఒకరి మోకాలు ఇంకొకరికి అంటగట్టే రకాన్ని కాదంటూ ఇద్దరినీ మళ్ళీ మిషన్లోకి పంపాడు. మళ్ళీ అదే జవాబు.

"అంటే ఇన్నాళ్ళూ నేను నాటకాలాడుతున్నానా అమ్మాయ్?" అన్నారు అత్తగారు.

అని ఊరుకోలేదు. నొప్పిని రుజువు చేయడానికి మూలగడం మొదలుపెట్టారు. ఆ మూలుగులకు నర్సు చక్రాల కుర్చీ తెచ్చింది. కుర్చీ చూసి పక్క గదిలోంచి ఎముకల డాక్టరు వచ్చి, మోకాలు నొక్కి, ఆవిడ పెట్టిన కేకకు వెంటనే ఆపరేషన్ అన్నాడు. పెద్దాయన కలానికి మూత పెట్టేశాడు. తలుపు దగ్గర పళ్ళ డాక్టరు టేపుతో ప్రత్యక్షమయ్యాడు.

కోడలి మొహం చూసి మామగారి మనసు ఆగలేదు. నావి ఇనప మోకాళ్ళేనని కళ్ళారా చూసి, మిషన్ చేత ఇంకోసారి లెక్క కట్టించండంటూ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. కూర్చోవడం దివ్యంగా కుదిరింది. లేవడమే కుదరలేదు. కాసేపు నేల నునుపును మెచ్చుకున్నారు. బూటు తాడు విప్పి మళ్ళీ కట్టుకున్నారు. ఆఖరికి నేల మీద చేతులు ఆనించి లేవబోయి, పళ్ళు బిగించి, ఒక పక్కకు ఒరిగిపోయారు.

అత్తగారు చక్రాల కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచారు. పరిగెత్తుకొచ్చి, గొంతుక్కూర్చుని, ఆయన చంకల కింద చేతులు వేసి అమాంతం లేపి నిలబెట్టారు. అప్పుడు గాని తన కాళ్ళకేసి చూసుకోలేదు.

"ఎప్పణ్ణించండీ ఈ నొప్పి?"

"చాన్నాళ్ళే అయింది. ఇద్దరం కూర్చుంటే కాఫీ ఎవరు తెస్తారే?"

ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "నాది అబద్ధం కాదమ్మాయ్. అప్పట్లో ప్రాణం పోయేది. ఆ నొప్పి ఎప్పుడు పోయిందో మటుకు లేచి చూసుకోలేదు." అంటూనే ఆయన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, దారికడ్డున్న ఎముకల డాక్టర్ని జరగమని, తానే తోసుకుపోయారు.

డాక్టరమ్మకు ఏనుగెక్కినంత సంబరమైంది. ఆపరేటరుకు అందరి ముందే తప్పయిందని చెప్పుకుంది. అతను చేతులు కట్టుకుని, గెలుపంతా తనదే అన్నట్లు నిలబడ్డాడు. పళ్ళ డాక్టరు టేపు జేబులో పెట్టుకున్నాడు. ఆ ఊపులో ఆమె, ఇంకా అనుమానముంటే మీ మోకాలు కూడా చూద్దామని పెద్దాయన్ని పిలిచింది. మోకాళ్ళ నొప్పుల పేరు చెప్పి లిఫ్టును తన ఒక్కడి కోసమే ఆపించుకునే మనిషాయన. ప్రోగ్రాం అమోఘమన్నాడు, నిలబడే సంతకం పెట్టాడు.

తర్వాత లిఫ్టు కోసం కూడా ఆగకుండా, మెట్లు రెండేసి చొప్పున దిగి వెళ్ళిపోయాడు.