లేని గోడకు అనుమతి

ఏప్రిల్‌లో ఒక మంగళవారం పొద్దున డోరీన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మేనమామ రెజినాల్డ్ తనకు వదిలిపోయిన ఫ్లాటుకు వెళ్లడం, కొళాయిలు సరిగా కట్టి ఉన్నాయో లేదో చూడడం, ఇంటికొచ్చి టీ తాగడం. ఫ్లాటు కొనడానికి ఒక యువజంట సిద్ధంగా ఉంది. ఆ డబ్బుతో ఊరి చివర మెట్లు లేని చిన్న ఇల్లు కొనుక్కోవాలని ఆమె ఆశ. ఇక ఎక్కడం మావల్ల కాదని అరవై రెండేళ్ల మోకాళ్లు తేల్చి చెప్పేశాయి. సెప్టెంబరు దాటితే ఆ ఇల్లు ఇంకొకరికి పోతుంది.

వర్తింగ్ అనే ఇంగ్లీషు ఊళ్లో సముద్రానికి దగ్గరగా ఉన్న ఆ పాత ఇంట్లో పై అంతస్తు మామయ్యది. అంటే ఏళ్ల తరబడి ఉండే, కావాలంటే అమ్ముకోగల లీజు మామయ్యది. గోడలూ కప్పూ నేలా కింది అంతస్తులో ఉండే ఆగ్డెన్ గారివి. మేకు కొట్టాలన్నా ఆయన అనుమతి కావాలి. ఆ ఇద్దరూ పద్దెనిమిదేళ్లు పోట్లాడుకున్నారు, కాకపోతే పెద్దమనుషుల్లా. గుమ్మంలో ఎదురైతే వాతావరణం బాగుందనుకునేవారు, లోపలికెళ్లి చెత్తడబ్బాల గురించి ఒకరికొకరు ఉత్తరాలు రాసుకునేవారు.

వంటింటి గోడను మామయ్య అడక్కుండానే పడగొట్టించేశాడు. అనుమతి లేని పనుల మీద రేపు యజమాని గొడవ చేస్తే నష్టం భరించే బీమా ఉందని డోరీన్ లాయరు గ్వెన్ ఫోనులో చెప్పింది. "ఒకటే షరతు మేడమ్. గోడ సంగతి ఆగ్డెన్ గారి చెవిన పడకూడదు. పడిందా, బీమా హుళక్కే."

"నేనెందుకు చెప్తానండీ," అంది డోరీన్.

మెట్ల దగ్గర ఆగ్డెన్ గారు ఆమె కాలు తొక్కారు. తొక్కించుకున్నవాళ్లే క్షమాపణ చెప్పుకోవడం ఇక్కడి ఇంగ్లీషువాళ్ల ఆచారం. "సారీ అండీ," అంది డోరీన్. మొదలుపెట్టిన క్షమాపణను ఆపడం ఆమె తరం కాదు. "మామయ్య తరఫున కూడా సారీ. ఆ చెత్తడబ్బాలకీ, ఆ గోడకీ..."

"ఏ గోడ?" అన్నారాయన ఎంతో ఆప్యాయంగా.

మర్నాడే ఉత్తరం వచ్చింది. గోడ మళ్లీ కట్టాలి. బీమా పోయింది. తప్పు దిద్దుకుందామని డోరీన్ ఆయన్ను పైకి టీకి పిలిచింది. ఆయన నిమ్మకాయ కేకు మూడు ముక్కలు తిని, నేల మీద కార్పెట్ లేదని గమనించి వెళ్లారు. కార్పెట్ ఉండాలని లీజులో రాసి ఉందట. రెండో ఉత్తరం వచ్చింది. దానికి క్షమాపణ రాస్తూ, లీజు వద్దన్నా మామయ్య పెంచిన పిల్లి సంగతి కూడా తనంతట తానే ఒప్పుకుంది. మూడో ఉత్తరం వచ్చింది. యజమానితో తగాదాలేమైనా ఉన్నాయా అని యువజంట లాయరు ఫారం పంపితే, నిజం రాయడానికి ఆమెకు అదనపు కాగితాలు కావలసి వచ్చాయి. జంట తప్పుకుంది.

అప్పుడు ఆగ్డెన్ గారికి జాలేసింది. "ఇంత గొడవున్న ఫ్లాటు ఇంకెవరు కొంటారమ్మా? పోనీలే, ముప్పాతిక ధరకి నేనే తీసుకుంటాను."

కారు అమ్మేసి ఆ డబ్బు కలిపితే కొత్త ఇల్లు ఎలాగో చేతికొస్తుంది. డోరీన్ ఏడ్చింది, ఏడ్చి సరేనంది.

ఆగ్డెన్ గారు బ్యాంకులో అప్పుకు వెళ్లారు. బ్యాంకుకు జాలి ఉండదు. "గోడకి యజమాని అనుమతి ఏదండీ? తగాదాల్లేవన్న పత్రం ఏది?" అని అక్కడివాళ్లు అడిగారు.

"యజమానిని నేనే."

"అయితే మరీ సులువు, రాసిచ్చేయండి."

ఆయన పళ్లు నూరుకుంటూ రాశారు. గోడ తన సమ్మతితోనే పోయింది, కార్పెట్ అక్కర్లేదు, పిల్లి మహా సాధువు, కీర్తిశేషులు రెజినాల్డ్‌తో పద్దెనిమిదేళ్లలో ఏనాడూ పేచీ లేదు. సంతకం చేసి, పద్ధతి ప్రకారం అమ్మేవారికో ప్రతి పంపారు.

గ్వెన్ దాన్ని రెండుసార్లు చదివింది. "మేడమ్, సంతకాలు చేసిన ఒప్పందాలు ఇచ్చిపుచ్చుకునేదాకా ఎవరూ ఎవరికీ అమ్మినట్టు కాదు. తగాదాల్లేవని ఈ కాగితమే చెప్తోంది, ఆ జంటకి ఫోన్ చేయమంటారా?"

"అది మర్యాదేనా అమ్మా?"

"కాదు మేడమ్. చట్టం."

ఆ జంటకే పూర్తి ధరకు అమ్మకం జరిగిపోయింది. ఆగ్డెన్ గారు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు. "మీరు నాకు మాటిచ్చారు."

"ఇచ్చానండీ," అంది డోరీన్. "మీరు కాగితం ఇచ్చారు."

సెప్టెంబరు చివర ఆమె కొత్త ఇంట్లో దిగింది. మెట్లు లేవు, లీజు లేదు, కాళ్ల కింద నేల కూడా తనదే. హద్దు కంచె గురించి పక్కింటాయన రాసిన మర్యాదైన ఉత్తరం రెండో రోజుకి గానీ రాలేదు.