ముందు మీ నాగలే, పటేలా!

పల్లెలన్నీ వచ్చి హైదరాబాదు మీద పడ్డాయని కొందరు మొత్తుకుంటున్నారు. పడనివ్వండయ్యా! ఇంతకు మించిన అదృష్టం ఈ సిటీకి ఇంకేముంది?

నన్నే చూడండి. నకిరేకల్ దగ్గర ఒక ఊరికి పటేల్‌ని. అంత పెద్ద గడిలో మా ఆవిడ ఏ మూలనుందో నాకు తెలిసేది కాదు. భూములు పంచే కమ్యూనిస్టు సంఘం వాళ్లు వస్తున్నారనగానే పంచె ఎగ్గట్టి బస్సెక్కాను. ఇప్పుడీ కిరాయి గదిలో కాలు చాపితే ఆమె పొయ్యి తగులుతుంది. మా దాంపత్యం ఎన్నడూ ఇంత దగ్గరగా లేదు!

ఊరి మీద బెంగా? అదీ లేదు. నా గడి తాళం పగలగొట్టిన రైతు ఐలేశం, పోలీసు యాక్షన్ తర్వాత ఊళ్లో మిలిటరీ క్యాంపు పెట్టగానే తానూ పారిపోయి వచ్చాడు. జాగా ఎక్కడ దొరికింది? సరిగ్గా నా పక్క గదిలో! నన్ను చూసి అతను జడుసుకున్నాడు, అతన్ని చూసి నేను జడుసుకున్నాను. ఇద్దరం ఎవరికీ చెప్పుకోలేదు.

ఊళ్లో నేను చెంబెడు నీళ్లు ముంచుకున్న పాపాన పోలేదు. ఇక్కడ నల్లా లైన్లో ఐలేశం భార్య యాదమ్మ వెనక బకెట్ పట్టుకుని నిలబడతాను.

"జర ఆగు పటేలా, నా బిందె నిండనియ్యి" అంటుంది. ఆగుతాను. ఆరోగ్యానికి మంచిదట!

నిన్న మృగశిర వాన కురిసింది. ఊళ్లో పగలు మిలిటరీ, రాత్రి సంఘం దళాలు; మా చేలు బీడు పడి ఉన్నాయి. ఈసారీ విత్తనం పడకపోతే నాకూ ఐలేశానికీ ఉన్న ఆ కాస్త ఆశా పోయినట్టే.

మా ఊరి రివాజు ఒకటుంది. ఏరువాకకు పటేల్ నాగలి కదిలాకే మిగతా నాగళ్లు కదలాలి. ముందే దున్నినవాడి ఎడ్లు నా కొట్టంలో చేరేవి. అంతటి హక్కును నిన్న నల్లా దగ్గర ఉదారంగా వదులుకున్నాను.

"ఐలేశం, గా మర్యాద ఈసారి నీకే ఇడిచిన. ముందు నువ్వే పోయి దున్ను."

అతను క్షేమంగా దున్నితే నేనూ వెళ్లొచ్చు కదా!

ఊళ్లో ఎన్నడూ వంగనంతగా వంగి దండం పెట్టాడు.

"అయ్యో, ఎంత మాట! రివాజు తప్పుతమా? ముందు మీ నాగలే పటేలా! మీరు నడువుండ్రి, మీ ఎనుక మేమొస్తం."

ఇద్దరం బకెట్లు పట్టుకుని మళ్లీ లైన్లో నిలబడ్డాం.

సిటీ మీద పడ్డారని మమ్మల్ని తిట్టే పెద్దలారా, ఇంటికి పోవాలని మాకూ ఉంది. ప్రాణాల మీద తీపి చావక ఇక్కడ పడి ఉన్నాం. మా ఊరికి ముందుగా పోయే ధైర్యవంతుడు మీలో ఒక్కడుంటే చెప్పండి. నా నాగలి అతనికే!