కాళహస్తిలో ఒక రాత్రి నిద్ర

ఆ శనివారం పొద్దున తల్లికి అబద్ధం చెప్పబోయే ముందు దామోదరం దేవుడి పటానికి దండం పెట్టుకున్నాడు. అబద్ధం కూడా దేవుడి పేరు మీదే కనుక ముందుగా ఒక మాట చెప్పుకోవడం మర్యాద అనిపించింది.

పది నెలల క్రితం చిన్నబ్బ పుట్టాక ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాలు కంటినిండా నిద్రపోయి ఎరుగరు. దామోదరంతో ఆఫీసులో పనిచేసే జయరావుకు పలమనేరు దగ్గర ద్రాక్షతోట ఉంది. అక్కడ అతని నాయన క్రిస్మస్ కోసం జాడీల్లో ద్రాక్షసారా పులియబెడతాడు. "ఒక రాత్రి వచ్చి పండుకోని పోండప్పా, బిడ్డను మాత్రం తేవాకండి" అని జయరావు పిలిచాడు.

బిడ్డను వదిలి సారా ఉన్న తోటకు పోతామంటే తల్లి మునిరత్నమ్మ ఊరుకునే మనిషి కాదు. పైగా ఆమెకు కొడుకు మీద గుర్రు. చంద్రగిరిలో ఉన్న తన అక్క కుప్పమ్మకు మనవణ్ణి ఒకసారి చూపించి వస్తానంటే, తన పెళ్లిలో తాంబూలం దగ్గర తగువుపడ్డ వాళ్ల గడప తొక్కేది లేదని దామోదరం కట్టడి చేసి ఉన్నాడు. అందుకే అతను కాళహస్తిని పట్టుకున్నాడు.

"రాహుకేతు పూజ చేయించుకోని, ఆడ ఒక రాత్రి నిద్ర చేయాలంటమా. బిడ్డను తీసకపోకూడదంట."

ఎవరు చెప్పారని అడిగితే చెప్పడానికి ఒక అయ్యవారి పేరు కూడా సిద్ధం చేసుకున్నాడు. తల్లి అడగలేదు. "మంచిది నాయనా, నింపాదిగా రాండి" అంది. తన తెలివికి దామోదరం తానే మురిసిపోయాడు.

తోట బాగుంది. పందిళ్ల కింద చల్లటి నీడ. జయరావు నాయన చెరో గ్లాసు నింపి ఇచ్చాడు. దామోదరం భార్య పంకజాక్షి ఒక గుక్క తాగి మొహం ముడుచుకుంది, ఇంకో గుక్క తాగి పెళ్లయిన కొత్తలో నవ్వినట్టు నవ్వింది. ఆ తర్వాత "చిన్నబ్బ ఇప్పుడు గెంజి తాగుంటాడా?" అంది. అంతటితో సరదా అయిపోయింది. రాత్రంతా ఏడ్చి లేపేవాడు లేక ఇద్దరికీ నిద్ర పట్టలేదు. తెల్లవారగానే జయరావు నాయన ఇచ్చిన ద్రాక్షబుట్ట పట్టుకుని బస్సెక్కారు. బుట్ట అడుగున ఆయన ఒక సీసా కూడా పెట్టాడు.

తిరుపతిలో ఇంటికి తాళం వేసి ఉంది.

దామోదరం కంగారుగా పక్కింటి మునెమ్మ గడప ఎక్కబోయాడు. ఆమె చేతులు అడ్డం పెట్టింది.

"ఆడనే నిలబడప్పా. కాళహస్తి నించి వస్తా ఉండారు, నేరుగా మీ ఇంట్లోకే పోవల్ల. మీ దోషం నా ఇంట్లో దించి పోతావా?"

"మా ఇంటికి బీగం ఏసుండాది గదక్కా. అమ్మ యాడికి పోయింది?"

"మీ కాడికే. నిన్న మీరు పోతానే బిడ్డ ఏడుపు ఎత్తుకున్నాడంట. సంకనేసుకోని కాళహస్తి బస్సెక్కింది. మీకు కనపడలేదా?"

"జనం అక్కా, శానా జనం" అన్నాడు దామోదరం.

వయసు మళ్లిన మనిషి, చంకలో పసిబిడ్డ, తెలియని ఊళ్లో లేని కొడుకు కోసం రాత్రంతా వెతికిందన్నమాట. పంకజాక్షి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మీ ద్రాక్షతోటలో మన్ను పొయ్య" అంది.

మళ్లీ బస్సు. ఏర్పేడు దగ్గర రోడ్డు గతుకులకు బుట్టలో సీసా పగిలింది. సారా కారి దామోదరం పంచె ఎర్రబడింది. ఆ అవతారంతోనే గుడి దగ్గర మైకు ముందు కూర్చున్నాయన్ని బతిమాలాడు.

"మా అమ్మా, బిడ్డా తప్పిపోయినారు సామీ."

"ఎప్పుడు?"

"నిన్న."

ఆయన ముక్కు ఎగబీల్చి, పంచె వైపు చూశాడు. "మీ అమ్మ తప్పిపోలేదప్పా. నువ్వు తప్పిపోయి ఉండావు" అన్నాడు. అయినా పంకజాక్షి కన్నీళ్లు చూసి మునిరత్నమ్మ పేరు మైకులో పిలిచాడు. ఎంతసేపు పిలిచినా ఎవరూ రాలేదు. పోలీసులకు చెప్పడానికి బిడ్డ ఫోటో కావాలని, సాయంత్రానికి ఇద్దరూ మళ్లీ ఇంటికి చేరారు.

తలుపు తీసి ఉంది. మునిరత్నమ్మ వసారాలో కూర్చుని ఉంది. ఆమె ఒళ్లో చిన్నబ్బ తన పిడికిలి తానే నములుతున్నాడు.

పంకజాక్షి బిడ్డను లాక్కుని గుండెకు హత్తుకుంది. దామోదరానికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

"నిన్న గుళ్లో మిమ్మల్ని సూసినాము నాయనా" అంది తల్లి. "ఇద్దరూ కండ్లు మూసుకోని పూజలో కూర్చోనుండారు. ఎందుకు కదిలించాలని, సత్రంలో పండుకోని వచ్చేసినాము."

నిన్నంతా తాము ఉన్నది తోటలో పందిరి కింద. దామోదరం తల్లిని తేరిపార చూసి, బిడ్డ వైపు తిరిగాడు. వాడి నడుముకు కొత్త వెండి మొలతాడు మెరుస్తోంది. బుగ్గ మీద రూపాయంత దిష్టిచుక్క. ఎవరింటి బిడ్డకైనా ఆ సైజు చుక్క పెట్టేది చంద్రగిరి కుప్పమ్మ ఒక్కతే.

తల్లి కూడా బుట్టనూ పంచెనూ చూసింది. ఒక ద్రాక్షపండు తీసి నోట్లో వేసుకుంది.

"కాళహస్తిలో ద్రాక్ష ఇంత బాగుంటాదని నాకు తెలీదే" అంది.

"మొలతాళ్లు కూడా బాగుంటాయిమా" అన్నాడు దామోదరం.

ఇద్దరూ ఇక ఒకరినొకరు ఏమీ అడగలేదు. ఆ రాత్రి బిడ్డ మామూలుగానే ఏడ్చాడు. ఇంటిల్లిపాదీ ఆ ఏడుపు వింటూ హాయిగా నిద్రపోయారు.

అప్పటినుంచీ ఆ కుటుంబానికి కాళహస్తి మీద భక్తి కుదిరింది. నెలకొకసారి తప్పకుండా పోతారు. కాళహస్తిలో మాత్రం వాళ్లను చూసినవాళ్లు ఎవరూ లేరు.