ఫొటో దిగిన భరిణె

అయ్యలారా, అమ్మలారా! చేతిలో పని ఉన్నవాళ్లందరూ ఉలి, సుత్తి ఇవాళే అటక మీద పడేయండి. జనానికి ఇప్పుడు కావలసింది వస్తువులు కాదు, వాటి ఫొటోలు. వాటికి ఒక్క అట్టపెట్టె చాలు!

నమ్మకం కలగడం లేదా? తెనాలిలో వెంకట్రామయ్యను చూడండి. నలభై ఏళ్లుగా తరిమెన మీద చెక్కను తిప్పి కుంకుమ భరిణెలు చేస్తున్నాడు. చేయడం కంటే చూపించడం గొప్ప విద్య అని పాపం ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆ జ్ఞానం మేనల్లుడు నరేష్ ప్రసాదించాడు. బాపట్లలో డిగ్రీ చదివి, ఆన్‌లైన్ వ్యాపారం మీద మూడు వీడియోలు చూసినవాడు. ఇంతకంటే ఏం అర్హత కావాలండీ? కొనేవాళ్లు తగ్గిపోయి, తరిమెన ఆగిపోతుందేమోనని బెంగపడుతున్న వెంకట్రామయ్య వాడు చెప్పిన దానికల్లా తల ఊపాడు.

సీలింగ్ ఫ్యాన్ వచ్చిన అట్టపెట్టెకు నరేష్ రెండు పక్కలా, పైనా కిటికీలు కోశాడు. మావయ్య పాత పంచె చింపి వాటికి అంటించాడు. లోపల తెల్ల చార్టును వెనక నుంచి అడుగుదాకా మడత పడకుండా వంచి పెట్టాడు. మూడు గదుల్లో బల్బులు పీకి మూడు కిటికీల దగ్గరా బిగించాడు. ఖర్చు చార్టుకీ జిగురుకీ అయిందే. ఇల్లు చీకటైతేనేం, భరిణెకు వెలుగొచ్చింది!

తీరా భరిణె లోపల పెట్టమంటే, వెంకట్రామయ్య అందులో చిటికెడు కుంకుమ వేసి మరీ పెట్టాడు. చార్టంతా ఎర్రగా రాలింది.

"ఏంటి మావయ్యా ఇది! తెల్ల చార్టు పాడైపోయింది!"

"ఖాళీ భరిణె ఎవరికైనా ఇస్తామేంట్రా? ఆడకూతురి చేతికి వెళ్లేది."

"ఇది చేతికి వెళ్లట్లేదు మావయ్యా, ఫోన్లోకి వెళ్తుంది."

చూశారా ఆ పెద్దాయన తెలివి తక్కువతనం? అవతల ఒక మనిషి పుచ్చుకుంటుందని అనుకున్నాడు! నరేష్ భరిణె తుడిచి, చార్టు మార్చి, ఫొటో తీశాడు. నీడ లేదు, మచ్చ లేదు. కింద 'వెంకట్రామయ్య గారి చేతిపని' అని రాశాడు.

ఆర్డర్లు కుప్పలుగా వచ్చాయి. ఫొటో దిగింది తప్ప ఇంట్లో ఉన్న భరిణెలన్నీ వారంలో అయిపోయాయి. వెంకట్రామయ్య సంబరపడి తరిమెనకు నూనె పెట్టి, రోజుకు నాలుగు చేస్తానన్నాడు. నాలుగా! మర్నాడే ఎక్కడివో మిషన్ భరిణెలు బస్తాల్లో దిగాయి. వాటికి చోటు చాలక తరిమెనను ఊడదీసి పెరట్లో పడేశారు. ఆయనకు పార్సిళ్లకు టేపు అంటించే పని దొరికింది. ఇది ప్రమోషన్ కాక మరేమిటి?

"ఇవి నేను చేసినవి కావు కదరా?"

"ఫొటోలోది నువ్వు చేసిందే కదా మావయ్యా."

ఇక్కడితో కథ సుఖాంతమయ్యేదే. కానీ పార్సిల్ మీద నంబరు చూసి, భట్టిప్రోలు నుంచి కీర్తన అనే అమ్మాయి ఫోన్ చేసింది.

"తాతగారూ, మూత బిగుసుకోవట్లేదండి. ముట్టుకుంటే ఊడొస్తుంది. మీ చేతిపనంటే ఇదేనాండి?"

వెంకట్రామయ్యకు తల కొట్టేసినట్టయింది. నలభై ఏళ్లలో ఆ మాట ఆయనను ఎవరూ అనలేదు.

"అది నాది కాదమ్మా. నేను చేసింది ఇక్కడుంది, అదే పంపిస్తాను," అని అట్టపెట్టెలో చెయ్యి పెట్టాడు.

నరేష్ గబుక్కున ఆ చెయ్యి పట్టుకున్నాడు. "ముట్టుకోకు మావయ్యా! మిగిలింది అదొక్కటే. అది అమ్మడానికి కాదు!"

వెంకట్రామయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత, "నా పేరు చూసి మోసపోయావమ్మా, క్షమించు," అని ఫోన్ పెట్టేశాడు.

చాదస్తం కాకపోతే, అంత పెద్ద మాట దేనికండీ? దీన్ని మోసం అనడం ఎప్పుడో మానేశాం. ఇప్పుడు లైటింగ్ బాగుంది అంటున్నాం.