అత్తగారి గూట్లో కొత్త పెట్టలు

కొత్త కోళ్లకూ పాత కోళ్లకూ మధ్య యుగయుగాలుగా సాగుతున్న వైరాన్ని వచ్చే నెల మొదటి గురువారం, మధ్యాహ్న భోజన సమయానికల్లా రూపుమాపుతున్నట్టు వ్యవసాయశాఖ ఉపకార్యదర్శి లుత్ఫీ బే ప్రకటించారు. నైలు నది పొంగునే అదుపు చేసిన దేశానికి కోడిముక్కు ఒక లెక్కా అని కూడా అడిగారు. లెక్క కాదని సభికులంతా చప్పట్లు కొట్టారు. కోళ్లను ఎవరూ అడగలేదు.

పథకం పేరు ‘సమైక్య గూడు’. పల్లెల్లో మిద్దెలమీద ఉన్న పాత కోళ్లలోకి సర్కారువారు కొత్త పెట్టల్ని పంపుతారు. అవి కలిసిమెలిసి బతుకుతాయి. అయితే ముందుగా ఒక నమూనా ఇల్లు కావాలి. జిల్లా ఆఫీసులో సీనియర్లంతా తాము బజారు కోడే తింటామని ఒట్టేసి చెప్పడంతో, ఆ గౌరవం ఏకగ్రీవంగా వగ్దీని వరించింది.

వగ్దీ ఆరేళ్లుగా కాంట్రాక్టు ఉద్యోగి. వంశంలో బడిమెట్టు ఎక్కిన మొదటివాడు. వ్యవసాయ డిగ్రీ చేసినందుకు ఊళ్లో అందరూ అతన్ని ఇంజనీరు గారంటారు. కోళ్లలో ఎవరు ఎవర్ని పొడుస్తారన్న విషయంమీద పరిశోధనాపత్రం రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాడు. ఆఫీసులో అతని కుర్చీ మరుగుదొడ్డి తలుపు పక్కన. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడాల్సి రావడంతో చాలా వినయవంతుడని పేరొచ్చింది. టీ అందరికీ అందాక, మిగిలితే అతనికి.

“ఏమయ్యా వగ్దీ,” అన్నాడు డైరెక్టరు రిఫ్‌అత్, “బేగారు తనిఖీకొచ్చేసరికి కోళ్లు పొడుచుకోకుండా ఉంటే నీ ఉద్యోగం పర్మనెంటు. ఒక్కటి పొడిచిందా, ఆ కోళ్లే అమ్ముకుని బతుకు.”

ఎజ్బెత్ షల్కామీ అనే పల్లెలో వగ్దీ ఇంటి మిద్దెమీద రాజ్యం అయిదు పాత పెట్టలది. వాటికి పెద్ద ఒక ఎర్ర పెట్ట. వగ్దీ తల్లి బహానా దానికి ‘అత్తగారు’ అని పేరు పెట్టింది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆమె అత్తగారిని ఎరిగినవాళ్లకి అడగాల్సిన పనీ లేదు.

కొత్త పెట్టలు పది వచ్చాయి. వగ్దీ శాస్త్రప్రకారం మధ్యలో ఇనప వల కట్టాడు. ఒకదాన్నొకటి చూసుకోవాలి, అందుకోకూడదు. అత్తగారు వల అవతలనించి వాటిని పెళ్లిచూపుల్లో చూసినట్టు ఆపాదమస్తకం చూసింది. వారం పోయాక వగ్దీ వల ఎత్తి, పరిచయ కార్యక్రమానికి వంగాడు. మొదటి పొడుపు అతని బట్టతలమీద పడింది.

“ఏమంటోందిరా ఇంజనీరూ?” మెట్లమీంచి కేకేసింది బహానా.

“ప్రాథమిక సంప్రదింపులు జరుగుతున్నాయమ్మా.”

“నెత్తురొస్తోంది.”

“చర్చలు కాస్త వాడిగా ఉన్నాయి.”

“దాని ముక్కుకి ఇంత పెరుగు పుయ్యి. మా అత్త కూడా పెరుగు పెడితేనే నోరు మూసేది.”

పెరుగూ పూశాడు. పూసినంతసేపూ అది అతన్నే పొడిచింది.

మళ్లీ వల కట్టాడు. ఈసారి నీళ్లు రెండుచోట్ల పెట్టాడు. దాక్కోవడానికి చెక్కపెట్టెలు తెచ్చాడు. వెతుక్కునే పనిలో పడితే పొడిచే తీరిక ఉండదని, వల తీసేసిన రోజు మిద్దెంతా నూకలు చల్లాడు. తనిఖీకి ముందురోజు సాయంత్రం, కొత్తవాటిలోకెల్లా పిరికిది, మెడమీద ఈకలన్నీ పోగొట్టుకున్న బక్క పెట్ట, అత్తగారి పక్కన నిలబడి అదే గిన్నెలో నీళ్లు తాగింది. అత్తగారు తలెత్తి చూసింది. మళ్లీ దించుకుని తన నీళ్లు తను తాగింది.

వగ్దీ కళ్లు తుడుచుకున్నాడు. ఆరేళ్ల ఉద్యోగంలో సర్కారు అనుకున్నదీ, జరిగిందీ ఒకటవడం అతను చూడ్డం అదే మొదలు.

గురువారం దొరలు తొమ్మిదిమంది మూడు కార్లలో దిగారు. బేగారి వెనక ఎవరు గుమ్మం దాటాలన్న మర్యాదలో రిఫ్‌అత్ మోచెయ్యి ఇద్దరి డొక్కల్లో తగిలింది.

“ముందు తనిఖీనా, భోజనమా?” అన్నారు బేగారు.

“ఖాళీ కడుపుతో చూస్తే అన్నీ లోపాలే కనిపిస్తాయి సార్,” అన్నాడు రిఫ్‌అత్.

పెద్ద పళ్లెం వచ్చింది. అన్నం, మొలోఖియా ఆకు పులుసు, పైన కోళ్లు. చాలా కోళ్లు. వగ్దీ వంటింట్లోకి పరిగెత్తాడు.

“అమ్మా! ఇవెక్కడివి?”

“ఎక్కడివేమిట్రా? మిద్దెమీదివి.”

“ఏవి? పాతవా, కొత్తవా?”

“నాకు పక్షపాతం ఉందా? అన్నీ.”

“వాళ్లొచ్చిందే వాటిని చూడ్డానికమ్మా!”

“చూస్తున్నారుగా! అంత పెద్ద దొరలకి చిక్కుడుగింజలు పెట్టి పంపి, ఊళ్లో తలెత్తుకు తిరగమంటావా? నీ పర్మనెంటు కోసం గుడ్లు పెట్టే కోళ్లని కోసుకుంటే, పైగా నామీదే అరుపులా?”

“అత్తగారు కూడానా?”

“నీ డైరెక్టరు ముందు పెట్టాను.” బహానా గొంతు తగ్గించింది. “పొద్దుట్నించీ ఉడికించినా లొంగలేదురా.”

బేగారికి తొడ వెళ్లింది. తర్వాత హోదాల వరసన రొమ్ములూ రెక్కలూ వెళ్లాయి. కారు డ్రైవర్ల తర్వాత వగ్దీకి ఒక మెడ వచ్చింది. బక్క మెడ. ఎవరిదో అతనికి తెలుసు. తిన్నాడు.

బేగారు పళ్లు కుట్టుకుంటూ మిద్దెక్కి, ఖాళీ గూటిముందు చాలాసేపు నిలబడ్డారు.

“గొడవలు?”

“ఒక్కటి లేదు సార్,” అన్నాడు రిఫ్‌అత్, దవడ రుద్దుకుంటూ.

“పాతదేదో కొత్తదేదో తేడా తెలుస్తోందా?”

“తెలీడం లేదు సార్.”

“అదీ సమైక్యతంటే!”

గూటితో బేగారికి ఫొటో తీశారు. పథకాన్ని దేశమంతటా అమలు చేస్తున్నట్టు అక్కడికక్కడే ప్రకటించారు.

పర్మనెంటు ఆర్డరు వచ్చిననాడు వగ్దీ కుర్చీ కిటికీ పక్కకి జరిగింది. ఆ పొద్దునే కాంట్రాక్టు మీద కొత్తగా చేరిన నెర్మీన్ అనే అమ్మాయి, డిగ్రీ కాగితాలు గుండెలకి హత్తుకుని గుమ్మంలో నిలబడింది.

“సలాం, ఇంజనీరు గారూ. నన్నెక్కడ కూర్చోమంటారు?”

వగ్దీ వేడివేడి టీ గ్లాసు అందుకున్నాడు. తలెత్తలేదు. పెన్నుతో గాలిలో టక్కున ఒక్క పొడుపు పొడిచి, మరుగుదొడ్డి తలుపు పక్కనున్న కుర్చీ చూపించాడు.