పావు సెకను ముందు

కళ్లద్దాల దుకాణంలో పాతికేళ్లుగా అద్దాలాయన చేసే పని ఒక్కటే. వచ్చినవాళ్ల ముక్కు మీద ఇనప ఫ్రేము పెట్టి, అందులో ఒక అద్దం దూర్చి "ఇది బాగుందా?" అంటాడు. అది తీసి ఇంకోటి దూర్చి "పోనీ ఇది?" అంటాడు. పవరు పెంచినా తగ్గించినా పావు చొప్పునే. ఆ అలవాటు ఇంటిదాకా పాకింది. పంచదార పావు చెంచా, నిద్ర ఇంకో పావుగంట, భార్యతో గొడవైతే తప్పులో తన వాటా పావు.

భార్య ఒక స్కూల్లో సంగీతం టీచరు. ముప్పైమంది పిల్లలు కలిసి పాడుతుంటే మూడో వరసలో చివరివాడు అరక్షణం వెనకబడ్డాడని కళ్లు మూసుకుని చెప్పగలదు. వీధిలో అందరికీ ఆవిడ టీచరమ్మ.

ఇద్దరూ కలిసి కూర్చునేది వారంలో ఒక్క గంట. పొద్దున్న అతను లేచేసరికి ఆవిడ స్కూల్లో ఉంటుంది, అతను దుకాణం కట్టేసి వచ్చేసరికి ఆవిడ నిద్రలో ఉంటుంది. అందుకని ఆదివారం మధ్యాహ్నం రెండింటికి, టీవీకి తగిలించిన మీడియా ప్లేయర్లో ఒక హత్య సీరియల్ చూస్తారు. వారానికి ఒక భాగం. మొత్తం ఎనిమిదిలో ఏడు అయ్యాయి. పైకి చెప్పడు గాని, ఆ గంటంటే అద్దాలాయనకి ప్రాణం. ఆవిడ ఉలిక్కిపడి అతని చెయ్యి పట్టుకునేది ఆ గంటలోనే.

పోయినేడు ఇంకో సీరియల్ చివరి భాగం ఇతగాడు ఒక్కడే చూసేసి, భోజనాల దగ్గర "ఆ వంటవాడే చంపాడు, మంచినీళ్లు ఇలా ఇవ్వు" అన్నాడు. పదకొండు రోజులు ఆవిడ పలకలేదు. పన్నెండో రోజున ఫ్రిజ్ మీద ఒక కాగితం వెలిసింది. ఒంటరిగా చూసినవాళ్లు ఆరు నెలలు అంట్లు తోమాలి, రిమోట్ మీద ఆశ వదులుకోవాలి.

సంతకం పెట్టేముందు అద్దాలాయన చిన్న సవరణ చేశాడు. "చూసినవాళ్లు" అన్నది కొట్టేసి "చూశామని తమ నోటితో ఒప్పుకున్నవాళ్లు" అని రాశాడు.

"ఇదెందుకు?" అంది టీచరమ్మ.

"న్యాయం ఉండాలి కదా. అనుమానంతో ఎవరినీ శిక్షించకూడదు."

ఆవిడ అతని మొహంలోకి ఒకసారి చూసి సంతకం పెట్టింది. తన నోటినుంచి నిజం రాబట్టే మొనగాడు ఇంకా పుట్టలేదని అద్దాలాయన ధీమా.

ఏడో భాగం చూసిన రెండు రోజులకి కష్టం మొదలైంది. దుకాణంలో అక్షరాల బోర్డు చదువుతున్న పోస్టుమాస్టరు మధ్యలో ఆగి, "ఆఖరి భాగం చూశారా? హంతకుడు ఎవరో తెలుసా, ఆ..." అన్నాడు. "ఒక కన్ను మూసుకోండి" అనాల్సిన అద్దాలాయన "నోరు మూసుకోండి" అన్నాడు. పోస్టుమాస్టరు అద్దాలు చేయించుకోకుండానే వెళ్లిపోయాడు. రోజుకొకరిని ఇలా సాగనంపితే దుకాణం మూతపడుతుంది, కాబట్టి ముందే చూసెయ్యడం ధర్మమని అద్దాలాయన తనకి తానే నచ్చజెప్పుకున్నాడు.

మర్నాడు బుధవారం దుకాణానికి సెలవు పెట్టాడు. టీచరమ్మ స్కూలుకి వెళ్లింది. అడ్డం ఒక్కటే, పక్కవాటాలో ఉండే రిటైర్డు హెడ్మాస్టరు. మధ్య గోడ పల్చన. ఇక్కడ టీవీలో తుపాకీ పేలిందంటే, సాయంత్రం ఆయన మెట్ల దగ్గర టీచరమ్మని ఆపి "ఎవరు పోయారమ్మా?" అని అడుగుతాడు. ఆయన కూతురింటికి వెళ్లే ఆదివారం తప్ప స్పీకరు పెట్టే యోగం లేదు. ఆ పోరు పడలేకే వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్ కొన్నారు. తగిలించుకుంటే అవి బిగుతుగా ఉన్నాయి. తల పెరిగిందేమో అనుకుని అద్దాలాయన బ్యాండు సాగదీసుకున్నాడు.

ముందు ఏడో భాగం పెట్టి పరీక్షించాడు. ఇన్‌స్పెక్టరు పెదాలు కదిపేశాక మాట వస్తోంది. తలుపు మూసుకున్నాక ధడేలుమంటోంది. ఇలాగైతే హంతకుడి పేరు కూడా వాడు పారిపోయాకే వినబడేలా ఉంది. సెట్టింగుల్లో వెతగ్గా "ఆడియో ఆలస్యం" అని కనబడింది. ప్లస్ నొక్కాడు. ఇన్‌స్పెక్టరు అడిగిన ప్రశ్న డాక్టరు నోట్లోంచి వచ్చింది. నాలిక్కరుచుకుని మైనస్ నొక్కాడు. ఇక తనకి తెలిసిన విద్యే. ఇది బాగుందా? పోనీ ఇది? పాతిక చొప్పున దిగుతూ పోతే మైనస్ 250 దగ్గర, అంటే సరిగ్గా పావు సెకను దగ్గర, మాటా పెదవీ కలిశాయి.

వెంటనే ఎనిమిదో భాగం పెట్టాడు. మొదటి మాట నుంచీ అతికినట్టు ఉంది. తన సర్దుబాటు దీనికీ వర్తించిందని మురిసిపోయి, ఆ సెట్టింగు వైపు మళ్లీ చూడలేదు. గంటసేపు ఊపిరి బిగబట్టి చూశాడు. అందరూ అనుమానించిన డాక్టరు కాదు, పక్కన నిలబడి గ్లవ్స్ అందించే నర్సు చంపింది.

తర్వాత ఆనవాళ్లు చెరిపే పని. ఎనిమిదో భాగాన్ని మొదటికి తిప్పాడు. చూసినట్టు పడ్డ గుర్తు తీసేశాడు. ఏడో భాగానికి వెళ్లి 250ని సున్నా చేశాడు. నర్సు కూడా ఇంత శుభ్రంగా చెయ్యలేదు.

ఆదివారం రెండయింది. పొద్దుటినుంచీ అద్దం ముందు ఆశ్చర్యపోవడం సాధన చేసిన అద్దాలాయన సోఫాలో కుదురుగా కూర్చున్నాడు. టీచరమ్మ ఎనిమిదో భాగం నొక్కింది.

"రండి డాక్టర్" అని స్పీకర్లో వినబడింది. ఆ తర్వాత ఇన్‌స్పెక్టరు నోరు తెరిచాడు.

టీచరమ్మ వెన్ను నిటారుగా అయింది. ఇంకో రెండు మాటలు విని బొమ్మ ఆపేసింది.

"మాట ముందొస్తోంది," అంది.

"వస్తే రానీ."

"పోయినవారం బాగానే వచ్చింది."

"ఎండలు ముదిరాయి కదా."

ఆవిడ ఇంకేమీ అనలేదు. తిట్టినా బాగుండును. పోయినేడు పదకొండు రోజులూ ఇలాగే మొదలయ్యాయి. ఈసారి ఈ ఆదివారం గంట కూడా పోతుందేమోనని అతనికి నిజంగానే భయం వేసింది.

ఆవిడ గొంతు సవరించుకుంది. "ఒక్క మాట చెప్పాలి. నేను..."

"చూశాను," అన్నాడు అద్దాలాయన. "బుధవారం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. నేనే."

ఆవిడ తెరిచిన నోరు నెమ్మదిగా మూసుకుంది.

"మొత్తం చూశారా?"

"పావు."

"నిజం చెప్పండి."

"నాలుగు పావులు."

టీచరమ్మ లేచి వెళ్లి ఫ్రిజ్ మీది కాగితం తెచ్చింది. కలం కూడా తెచ్చింది. కింద తేదీ వేయించి, తన నోటితో ఒప్పుకున్నట్టు సంతకం పెట్టించింది. "ఇప్పుడు అదేదో సరిచెయ్యండి. నేనైనా సుఖంగా చూస్తాను," అంది.

అద్దాలాయన కుక్కిన పేనులా వెళ్లి సెట్టింగు తెరిచాడు. మైనస్ 235 అని ఉంది.

కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. 235. ఏడో భాగం తెరిచాడు. తను పెట్టిన సున్నా ఉంది. అంటే ఈ డబ్బా ఏ భాగం లెక్క ఆ భాగానికే రాసుకుంటుంది. ఎనిమిదో భాగాన్ని తను ముట్టుకోనే లేదు. పైగా పాతికేళ్లలో పావుకి తెగని అంకె తన చేతి మీదుగా పోలేదు. 235 కళ్లు పరీక్షించేవాడి లెక్క కాదు, చెవి ఉన్నవాళ్ల లెక్క. బిగుతుగా ఉన్న బ్యాండు కూడా అప్పుడు గుర్తొచ్చింది.

"ఇదిగో, ఇది 235," అన్నాడు.

"అయితే?"

"నేను పెట్టింది 250. అదీ ఏడో భాగానికి."

"మిషన్లు ఒక్కోసారి అలా చేస్తుంటాయి."

"హెడ్‌ఫోన్స్ నా తలకి బిగుతుగా ఉన్నాయి."

"తల పెరిగిందేమో."

"నాకంటే ముందే చూశావు నువ్వు. ఇందాక అదే చెప్పబోయావు."

"చెప్పానా?" టీచరమ్మ కాగితాన్ని జాగ్రత్తగా మడతపెట్టింది. "న్యాయం ఉండాలి కదండీ. అనుమానంతో ఎవరినీ శిక్షించకూడదు."

అద్దాలాయన సున్నా నొక్కి వచ్చి కూర్చున్నాడు. ఆ గంటంతా అతను టీవీ చూడలేదు, ఆవిడ మొహం చూశాడు. చివరికి డాక్టరు చెయ్యి చాపాడు. గ్లవ్స్ అందించే మనిషి ఇంకా వీపు తిప్పే ఉంది.

"అమ్మో, ఈవిడా?" అని టీచరమ్మ గబుక్కున అతని చెయ్యి పట్టుకుంది.

అప్పుడు తెర మీద నర్సు ఇటు తిరిగింది.

అద్దాలాయన నోరు తెరవబోయి ఊరుకున్నాడు. చెయ్యి ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.

మూడున్నరకి సింకు దగ్గర గిన్నెలు తోముతూ, "నీ ఆశ్చర్యం కాస్త ముందొచ్చింది," అన్నాడు.

తుడిచే గుడ్డ పట్టుకుని పక్కనే నిలబడ్డ టీచరమ్మ "ఎంత?" అంది.

"పావు సెకను."

"పావు ఉండదు. ఇంకాస్త తక్కువే."

"అంటే ఒప్పుకున్నట్టేనా?"

"ఆ మూకుడు అడుగు వదల్లేదు. ఇంకోసారి తోమండి," అంది టీచరమ్మ.