ఒక పేరు, ఒక పెట్టె

వారానికోసారి దుకాణం మూసే రోజున పైపుల షావుకారు పెట్టుకున్న పని ఒక్కటే: ఇంట్లోని కంప్యూటర్‌లోకి ఒక ప్రపంచాన్ని ఎక్కించడం. పది నిమిషాల పని అని బావమరిది చెప్పాడు. షావుకారు దాన్ని అరగంటగా లెక్కేసుకున్నాడు. బావమరిది చెప్పే సమయాన్ని మూడింతలు చేసుకోవడం పెళ్లయిన నాటి నుంచి అతనికి అలవాటు.

ఇది కూతురితో కుదిరిన బేరం. పదకొండేళ్ల బుల్లి నెల రోజులుగా ప్రతి ఆదివారం దుకాణంలో కూర్చుని వంపు పైపులకూ, జోడు ముక్కలకూ, మూతలకూ సైజుల వారీగా చీటీలు అంటించింది. బదులుగా 'ఆకాశ దీవులు' కావాలంది. దిమ్మలు పేర్చి ఇళ్లూ ఊళ్లూ కట్టుకునే ఒక ఆట ఉంది. ఎక్కడో ఎవరో తీరిగ్గా కట్టిపెట్టిన ప్రపంచాలను దించుకుని మన ఆటలో పెట్టుకోవచ్చు. ఈ దీవులు అలాంటివే. గాలిలో తేలుతాయి, మధ్యలో తాళ్ల వంతెనలు.

"నా ట్యాబ్‌లో పట్టవు నాన్నా. కంప్యూటర్‌లో పెట్టాలి. ఆట అందులో ఉంది, నేను చూశాను. అమ్మే ముట్టుకోనివ్వదు," అంది బుల్లి.

"మరి అమ్మకేం చెప్పాలి?"

"అమ్మ సంగతి నీ వంతు. చీటీలు నా వంతు, అయిపోయాయి. నేను బడి నుంచి నాలుగింటికి వస్తాను."

బేరంలో కష్టమైన సగం ఎదుటివాడి మీదికి నెట్టడం తన దగ్గరే నేర్చుకుందని షావుకారు లోలోపల మురిసిపోయాడు.

అమ్మ సంగతి తేలికైంది కాదు. ఆవిడ తపాలా ఆఫీసులో కౌంటరు ఉద్యోగి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జనానికి చెప్పిందే చెప్పి విసిగిపోయి, ఇంట్లో నోటికి పని తగ్గించుకుని చీటీలు అంటించేది. ఫ్రిజ్ మీద 'తలుపు సరిగ్గా వేయండి', స్విచ్చుల దగ్గర 'వెళ్లేటప్పుడు ఆర్పండి', స్నానాల గది ముందు 'తడికాళ్లతో రావద్దు'. ఆ చీటీలు కూడా గోడ దొరికిన చోటే. మిగతా గోడలకు పైపులు ఆనించి ఉండేవి. గోదాం చాలక షావుకారు సరుకంతా ఇంట్లోకే తెచ్చాడు. సోఫా వెనక పైపులు, మంచం కింద వంపు ముక్కలు, వెనక గది నేల నుంచి కప్పు దాకా నీళ్ల టాంకుల మూతలు. ఆ వెనక గది ఖాళీ చెయ్యమని ఆవిడ పదేళ్లపాటు అడిగింది. "సరుకు కదలగానే," అని అతను ఆ పదేళ్లూ అంటూ వచ్చాడు. రెండేళ్ల నుంచి ఆవిడ అడగడం మానేసింది. సాయంత్రాలు గంటసేపు పడకగది తలుపు వేసుకుని కంప్యూటర్ ముందు ఆఫీసు శిక్షణ పాఠాలేవో చదువుకుంటోంది. గొడవ తగ్గిందని షావుకారు దాన్ని లాభం కింద వేసుకున్నాడు.

తొమ్మిదింటికి ఆవిడ ఆఫీసుకు వెళ్లింది. తొమ్మిదీ ఐదుకు షావుకారు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పాస్‌వర్డ్ అడిగింది. అతను కీబోర్డు ఎత్తి చూశాడు. అనుకున్నట్టే కింద చీటీ ఉంది: 'చూసినవారు మళ్లీ ఇక్కడే పెట్టండి'. దాని కింద పాస్‌వర్డ్.

బావమరిది ఊరవతల ఫోన్లు బాగుచేసే కొట్టు నడుపుతాడు. దీవులన్నీ ఒకే జిప్ ఫైలుగా మూటకట్టి పెన్‌డ్రైవ్‌లో వేసి, ఒక కాగితం మీద మూడు ముక్కలు రాసిచ్చాడు. మూట విప్పు. ప్రపంచాలుండే ఫోల్డర్‌లో పెట్టు. ఆట తెరువు. షావుకారు మూట విప్పకుండానే తీసుకెళ్లి పెట్టాడు. ఆటలో ఏమీ కనబడలేదు. విప్పి పెట్టాడు. అయినా లేదు. విప్పిన ఫోల్డర్‌లో అదే పేరుతో ఇంకో ఫోల్డర్ ఉందని గంట తర్వాత తెలిసింది. ఇది అతనికి వెంటనే అర్థమైంది. కొందరు సరఫరాదారులు అంతే, అట్టపెట్టెలో అట్టపెట్టె పెట్టి పంపుతారు.

లోపలి పెట్టెను బయటికి తీసి చూస్తే దాని మీద పేరు బారెడుంది, చివర ఏవో అంకెలు. ప్రపంచాలుండే చోట అప్పటికే ఒక్కటే ఫోల్డర్ ఉంది. దాని పేరు 'న్యూ వరల్డ్'. అంటే బుల్లి తల్లి కళ్లుగప్పి ఎప్పుడో ఆడుకున్నదన్నమాట. పిల్ల ఎరిగిన పేరు ఇదే కనక ఈ పేరే ఉండాలి అనుకున్నాడు షావుకారు. దుకాణంలో అతని నియమం అది. ఏ రకం సరుకు వచ్చినా, జనం అడిగే పేరే చీటీ మీద ఉండాలి. దీవుల పేరు తుడిచి 'న్యూ వరల్డ్' అని కొట్టి, తీసుకెళ్లి అక్కడ వదిలాడు.

కంప్యూటర్ అడిగింది: ఈ పేరుతో ముందే ఒకటి ఉంది. దాని బదులు దీన్ని పెట్టమంటారా?

షావుకారుకు ప్రాణం లేచొచ్చింది. పొద్దుటి నుంచి ఈ యంత్రం తనకు అర్థమయ్యే మాట మాట్లాడింది ఇప్పుడే. ఒక పేరు, ఒక పెట్టె. కొత్త సరుకు వస్తే పాత పెట్టె తీసెయ్యాలి. ఇంట్లోనూ దుకాణంలోనూ అతను రోజూ అనే మాట ఇది. అతను తృప్తిగా 'అవును' నొక్కాడు. ఇంకోసారి అడిగితే అన్నింటికీ అదే జవాబని నొక్కాడు.

ఆట తెరిచి చూశాడు. గాలిలో దీవి వేలాడుతోంది. దాని అంచుకు ఒక ఇల్లు అతుక్కుని ఉంది. ఇల్లు కాదు, సగం ఇల్లు. వంటగది, మెట్లు, వసారా ఉన్నాయి. అవతలి సగం కత్తితో కోసినట్టు తెగిపోయింది. ఆ కోత దగ్గర నిలువుగా సముద్రం ఆగి ఉంది. ఉన్న గోడల మీద చక్కగా పలకలు: 'తలుపు సరిగ్గా వేయండి', 'వెళ్లేటప్పుడు ఆర్పండి'.

 బుల్లి ఇల్లిది. పాపం పిల్ల, ఆటలో కూడా తల్లికి భయపడి బోర్డులు పెట్టుకుంది. షావుకారు ఫోన్ అందుకున్నాడు.

"బావా, నీ పాత ఫోల్డర్ మీద కొత్తది పోశావా?" అన్నాడు బావమరిది.

"పోయడమేంట్రా, మార్చాను. అది అడిగింది, నేను సరేనన్నాను."

"అడిగితే సరేననేస్తావా?"

"మీ అక్కని చేసుకోమన్నప్పుడు కూడా అలాగే అన్నాను. పాతది తెప్పించు."

"రాదు బావా. రెంటికీ పేరు కలిసిన ముక్కలన్నీ కొత్తవి పడ్డాయి. కలవనివి పాతవి మిగిలాయి. అందుకే సగం ఇల్లు. చెత్తబుట్టలో కూడా ఉండదు."

"నువ్వొచ్చి చూడు."

"నాలుగు ఫోన్లు విప్పేసి కూర్చున్నాను. పోయింది పోయినట్టే. ఇక మళ్లీ కట్టుకోవడమే."

ఫోన్ పెట్టేశాక షావుకారు ఆలోచించాడు. నాలుగింటికి బుల్లి వస్తుంది. నెల రోజులు చాకిరీ చేయించుకుని, దానికి బదులుగా దాని ఇల్లే కూల్చిన తండ్రిగా ఆ పిల్ల ముందు నిలబడాలి. ఇకమీదట తన మాట ఆ పిల్ల దగ్గర చెల్లదు. మళ్లీ కట్టుకోవడమే అన్నాడు బావమరిది. గోడ కూలితే ఎవర్ని పిలుస్తాం? ఆ లెక్కన పదకొండింటికి వీధి చివరి మేస్త్రీని పిలిపించాడు. ఇరవై ఏళ్లుగా పైపులు కొనే మనిషి, కాదనలేడు.

మేస్త్రీ తాపీ, గోడ నిలువు చూసే తూకపు గుండు తెచ్చుకున్నాడు. "పనెక్కడండీ?"

"ఇందులో."

మేస్త్రీ కంప్యూటర్ వెనక్కి వంగి చూశాడు. "ఇక్కడ గోడ బాగానే ఉంది షావుకారుగారూ."

వివరించడానికి అరగంట పట్టింది. దిమ్మ పెట్టడం, తీయడం మేస్త్రీ ఐదు నిమిషాల్లో పట్టేశాడు, కానీ మౌసును తాపీలా పట్టుకుని దిమ్మ పెట్టిన ప్రతిసారీ దాన్ని బల్ల మీద రాసేవాడు. "ఉన్న సగం చూసి లేని సగం కట్టెయ్, నాలుగింటిలోపు," అన్నాడు షావుకారు.

"పునాది తవ్వాలి."

"ఇందులో పునాది అక్కర్లేదట. దిమ్మ గాలిలో కూడా నిలుస్తుంది."

"మీ పైపుల సంగతి నేనెప్పుడైనా చెప్పానా? పునాది లేని గోడ నా చేత్తో లేవదు."

తవ్వాడు. మనిషి లోతు తవ్వాడు, ఇంటి లోతు తవ్వాడు. ఆటలో భూమి అడుగున ఎర్రగా మరిగే రాతిద్రవం ఉంటుందని వాళ్లిద్దరికీ తెలియదు. అది మెల్లగా పైకి కాదుగానీ పక్కకు పాకి, దిగువన ఉన్న చెక్క మెట్లకు అంటుకుంది. మిగిలిన సగం ఇంట్లో పావు మండిపోయింది.

"ఊట పడిందండీ," అన్నాడు మేస్త్రీ నిదానంగా.

"ఎర్రగా ఉందేం?"

"నేలను బట్టి ఉంటుంది."

ఇద్దరూ కలిసి మట్టి పోసి ఆర్పేసరికి రెండయింది. భోజనం సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఇక పునాది మాట వదిలేసి మేస్త్రీ గోడలు లేపాడు, నిజంగానే బాగా లేపాడు. మధ్యలో మేడ మీద, మంటకు అందని ఒక గది కనబడింది. పెద్ద కిటికీ, ఒక కుర్చీ. అంతే, ఇంకేం లేదు.

"ఇంత గదిలో ఏమీ లేదేం?" అన్నాడు షావుకారు. అతని కళ్లకు అది గది కాదు, వృథాగా పోతున్న చోటు. "పిల్లకి తోచలేదేమో. నాలుగు వైపులా అరలు కట్టు. పొడుగు సరుకు పెట్టుకోవడానికి వీలుగా."

"తలుపు మీద పలక అడ్డంగా ఉందండీ."

"పీకెయ్."

పీకాడు. అరలు కట్టాడు, కుర్చీ తీసేసి కిటికీ కూడా మూసి అక్కడో అర కట్టాడు. నష్టంలోంచి కొంత లాభం లాగినందుకు షావుకారుకు ఆ రోజు మొదటిసారి ఊపిరాడింది.

నాలుగింటికి బుల్లి వచ్చింది. కంప్యూటర్ ముందు మేస్త్రీ, పక్కన ముఖం వేలాడేసుకుని తండ్రి. "బుల్లీ, ఒక తప్పు జరిగింది," అని మొదలుపెట్టి అంతా చెప్పాడు. పిల్ల తెరను చూసింది.

"ఇది నాది కాదు నాన్నా."

"కంగారులో అలాగే అనిపిస్తుంది."

"కాదు. నేను ఆడేది ట్యాబ్‌లోనే." తీసి చూపించింది. పెద్ద గొయ్యి, దాని నిండా కోళ్లు. "ఇదీ నాది. నేను ఇళ్లు కట్టను."

"మరి ఇదెవరిది?"

బుల్లి తెర మీద పలక చదివింది. తల తిప్పి స్విచ్చుల దగ్గరి చీటీ చదివింది. మళ్లీ తెర చూసింది. షావుకారు చూపు కూడా అదే దారిలో వెళ్లొచ్చింది. ఆఫీసు శిక్షణ పాఠాలు, సాయంత్రం గంట, మూసిన తలుపు, అడగడం మానేసిన ఆవిడ. లాభం కింద వేసుకున్నదంతా ఒక్కొక్కటే అవతలి వైపుకు మారింది.

"నేనిక వెళ్తానండీ," అని మేస్త్రీ లేచాడు. అప్పటికే ఆఫీసు నుంచి ఆ రోజు పెందలాడే వచ్చి గుమ్మంలో ఆవిడ నిలబడి ఉంది.

 ఆవిడ వచ్చి కుర్చీలో కూర్చుని, మౌసు పట్టుకుని ఇల్లంతా తిరిగింది. సగం కాలిన మెట్లు ఎక్కింది. దీవి అంచు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. మేడ మీది గది తలుపు తీసింది. అరలు చూసింది.

"ఇక్కడ పలక ఉండాలే?"

"అడ్డంగా ఉందనమ్మా..." అన్నాడు మేస్త్రీ.

"ఏం రాశావు దాని మీద?" అన్నాడు షావుకారు.

"'ఈ గది ఖాళీగానే ఉండాలి' అని."

ఆవిడ అరిచి ఉంటే షావుకారు ఏదో ఒకటి సర్ది చెప్పేవాడు. ఆవిడ అరవలేదు. "రెండేళ్లు పట్టింది," అంది, కౌంటరులో రేపు రండని చెప్పే గొంతుతో. "మన ఇంట్లో ఎలాగూ లేదు, ఇక్కడైనా ఉంటుందనుకున్నాను. వెతుక్కుంటూ ఇక్కడికి కూడా పైపులు తెచ్చారా, ఏమండీ?"

"పైపులు ఇంకా పెట్టలేదు. అరలే," అన్నాడు షావుకారు. అది తెలివైన జవాబు కాదని అతనికే తెలిసింది. "మళ్లీ కట్టిస్తాను. మేస్త్రీకి ఇప్పుడు చెయ్యి తిరిగింది."

"అక్కర్లేదు." ఆవిడ లేచి మేస్త్రీ వైపు తిరిగింది. "మేస్త్రీగారూ, ఎలాగూ వచ్చారు. వెనక గది కొలతలు తీసుకోండి. పెద్ద కిటికీ పెట్టాలి."

"అందులో టాంకు మూతలున్నాయే!"

"కొత్తదొస్తే పాత పెట్టె తీసెయ్యాలని ఈ ఇంట్లో ఎవరో రోజూ అంటుంటారు."

షావుకారు దిక్కుతోచక కూతురి వైపు చూశాడు.

"ఒక పేరు, ఒక పెట్టె నాన్నా," అంది బుల్లి, ట్యాబ్‌లోంచి తల ఎత్తకుండా. "'అమ్మ గది' అనే పేరుకు పెట్టె ఇంకా రాలేదు. నా దీవులు మాత్రం ఉంచు, బాగున్నాయి."

తర్వాతి సెలవు రోజుకు మూతలు కదిలాయి. పన్నెండేళ్లుగా కదలని సరుకు రెండు గంటల్లో కదిలింది. మేస్త్రీ కిటికీ పెట్టాడు, పునాది అడగలేదు. ఇప్పుడు ఆ గదిలో ఒక కుర్చీ ఉంది, తలుపు మీద చీటీ ఉంది. పొద్దున్నే దుకాణానికి వెళ్తూ షావుకారు దాని ముందు ఆగి, ఏమీ లేకపోవడాన్ని ఇంత భద్రంగా నిల్వ చేసే గోదాం తన వ్యాపారంలో ఎక్కడా చూడలేదనుకుంటాడు.